రెక్కల వెనక లెక్కలు

2002 జూన్ 17న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, వాకర్ అనే చిన్న ఊరి దగ్గర అడవి తగలబడుతోంది. మంటలను అదుపు చేసే రసాయనం చల్లడానికి ఒక పాత సి-130ఏ విమానం కొండల మధ్య కిందికి దిగింది. రసాయనం వదిలి, ముక్కు పైకెత్తి లేవబోతుండగా ముందు కుడిరెక్క, రెప్పపాటులో ఎడమరెక్క పైకి మడుచుకుపోయి విరిగిపడ్డాయి. లోపలున్న ముగ్గురూ చనిపోయారు. అదంతా వీడియోలో నమోదైంది. దర్యాప్తు అధికారులు శకలాలను పరీక్షిస్తే కుడిరెక్క మొదట్లో, అడుగు రేకులో, 12 అంగుళాల పొడవున పాత పగులు బయటపడింది. అది పుట్టింది రివెట్ రంధ్రాల దగ్గర. బలం కోసం పైన వేసిన అదనపు రేకు దాన్ని కప్పేయడంతో బయటి నుంచి చూసేవారి కంటికి ఆనలేదు. సరైన పద్ధతిలో ఎక్స్‌రే తీస్తే దొరికే పగులే అది.

ఆ సి-130 వంశంలో ఇప్పటి తరం విమానం సి-130జె. ప్రపంచంలో ఏ దేశం ఈ విమానాన్ని కొత్తగా కొన్నా దాని తోక మాత్రం రంగారెడ్డి జిల్లా ఆదిబట్ల నుంచి వెళ్లిందే అయి ఉంటుంది. టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్, లాక్‌హీడ్ మార్టిన్ కలిసి 2010లో నెలకొల్పిన ఉమ్మడి సంస్థ అక్కడ ఈ తోకలను కూర్చి అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఉన్న మారియెట్టా కర్మాగారానికి పంపుతోంది. నిలువు తోక, అడ్డ తోక, వాటి ముందు అంచులు, కొసలు అన్నీ ఇక్కడే ఒక్కటవుతాయి. ఇప్పటికి 200కు పైగా తోకలు వెళ్లాయి. సి-130జెకు తోక అందించే కర్మాగారం మరోటి లేదు. హైదరాబాద్ శివార్లలోని ఒక షెడ్డులో పని ఆగితే మారియెట్టాలో విమానాల తయారీ ఆగుతుంది. ఇది తెలుగు నేల మీద జరుగుతున్న గొప్ప పని. దీన్ని ఇంకా ఎక్కువమంది గుర్తించాలి.

ఇంత మంచి పని చేస్తున్న దేశం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. పదిహేను, ఇరవై ఏళ్లు ఎగిరాక ఆ లోహంలో ఎక్కడో సన్నని పగులు కనిపిస్తే, దాంతో ఇంకెంతకాలం ఎగరవచ్చో, ఎప్పుడు పక్కన పెట్టాలో, ఏ మరమ్మతు సరిపోతుందో తేల్చి సంతకం పెట్టే అధికారం ఎవరిది? ఈ రోజుకి అది మనది కాదు. వైమానిక దళం మరో భారీ కొనుగోలుకు సిద్ధమవుతున్న ఈ సమయంలో చర్చ అంతా ఎన్ని విమానాలు, ఎంత ధర, ఎంత శాతం స్వదేశీ అన్నదాని చుట్టూ తిరుగుతోంది. అసలు బేరం ఆడాల్సింది ఆ సంతకం మీద.

యుద్ధ విమానం మీద పడే చూపు రవాణా విమానం మీద పడదు. కానీ నిర్మాణపరంగా చూస్తే సైనిక రవాణా విమానం చాలా కష్టమైన సమస్య. ట్యాంకులో, ట్రక్కులో వెనక నుంచి ఎక్కాలి. అందుకని విమానం వెనక భాగాన్ని పైకి వంచి, అడుగున పెద్ద తలుపు పెట్టాలి. మూసి ఉన్న గొట్టం మెలితిప్పుడును బాగా తట్టుకుంటుంది. దానికి పొడవాటి కోత పెట్టగానే ఆ బలం చాలావరకు పోతుంది. పోయిన బలాన్ని కోత అంచుల వెంట బరువైన దూలాలు, గట్టి చట్రాలు వేసి మళ్లీ తెచ్చుకోవాలి. సరుకు గదికి అడ్డం రాకుండా రెక్క నెత్తి మీద నుంచి పోవాలి. రెండు రెక్కలనూ కలుపుతూ, మొత్తం విమానాన్ని మోసేది ఆ మధ్యలో ఉండే పెట్టెలాంటి నిర్మాణం. దాన్నే సెంటర్ వింగ్ బాక్స్, అంటే మధ్యరెక్క అంటారు. వాకర్‌లో విరిగింది అక్కడే.

ఇక తోక. సరుకును గాలిలో జారవిడిచేటప్పుడు టన్నుల కొద్దీ బరువు విమానం గర్భంలో వెనక్కి జారుకుంటూ పోతుంది. అది జారుతున్నంతసేపూ ముక్కు పైకి లేవాలని చూస్తుంది. దాన్ని పట్టి నిలిపేది 16 మీటర్ల వెడల్పున్న అడ్డ తోక. ఒక్కసారిగా బరువు బయటపడగానే ఆ తోక మీది ఒత్తిడి మళ్లీ తారుమారవుతుంది. కంకర, మట్టి నేల మీద దిగినప్పుడు చక్రాల కింది ప్రతి కుదుపూ వెనకదాకా పాకుతుంది. 2013 ఆగస్టు 20న మన సి-130జె లద్దాఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీలో, 16,614 అడుగుల ఎత్తున దిగింది. అంత ఎత్తున గాలి పలచన కాబట్టి నేల తాకే వేగం ఎక్కువ. కింద ఉన్నదేమో ముతక నేల. ఆ దిగుడు ఖరీదును లోహం తన ఖాతాలో రాసుకుంటుంది.

ఆ ఖాతా ఎలా మొదలవుతుందో తెలియాలంటే ఒకే ఒక్క రివెట్ రంధ్రాన్ని దగ్గరగా చూడాలి. విమాన భాగాలు కూర్చే చోట ముందుగా రేకునూ, దాని వెనక ఉండే పక్కటెముకలనూ జిగ్ అనే బిగింపు చట్రంలో నిలబెడతారు. కదలకుండా క్లీకోలనే స్ప్రింగు పిన్నులతో తాత్కాలికంగా బిగిస్తారు. తర్వాత డ్రిల్లు. మొదట చిన్న రంధ్రం, ఆపైన అసలు కొలతకు పెంచడం. డ్రిల్లు కాస్త పక్కకు వాలినా రంధ్రం కోలగా వస్తుంది. అంచున లేచిన రజనును గీకి తీసేయాలి. గీకేటప్పుడు లోపలి గోడ మీద గీత పడకూడదు. రేకుల మధ్య తుక్కు చేరితే విడదీసి, తుడిచి, సీలెంట్ పూసి మళ్లీ కలపాలి. సీలెంట్ ఆరిపోకముందే రివెట్ పడాలి. ముందు ఒకరు రివెట్ గన్ పట్టుకుంటారు, వెనక ఇరుకులో మరొకరు ఇనుప దిమ్మ ఆనించి పట్టుకుంటారు. ఇద్దరూ ఒకరికొకరు కనపడకపోవచ్చు. చేతి ఒత్తిడి, శబ్దం, తట్టి ఇచ్చే సంకేతం, ఇవే వాళ్ల మాటలు. రంధ్రం పెద్దదైపోతే దాచిపెట్టడానికి వీల్లేదు. కాగితం మీద రాయాలి, పై కొలత రివెట్ వాడటానికి అనుమతి తెచ్చుకోవాలి. ఇంకా కీలకమైన చోట్ల రంధ్రంలోంచి దాని కన్నా కాస్త లావైన కడ్డీని బలవంతంగా లాగుతారు. దాంతో చుట్టూ ఉన్న లోహం నొక్కుకుపోయి పగులు పుట్టడానికి మొరాయిస్తుంది. ఒక్క తోకలో ఇలాంటి రంధ్రాలు వేలల్లో ఉంటాయి. ఐటీఐ చదివి వచ్చిన యువకుడో యువతో రోజంతా నిలబడి ఈ పని చేస్తారు. దీన్ని ‘స్క్రూడ్రైవర్ పని’ అని కొట్టిపారేసే మేధావులను చూస్తే నాకు బాధ కలుగుతుంది. వాకర్‌లో ముగ్గురి ప్రాణం తీసిన పగులు మొదలైంది అలాంటి రంధ్రాల దగ్గరే. కాబట్టి రంధ్రాన్ని నున్నగా, గుండ్రంగా వేసే చేయి, డ్రాయింగు గీసే చేతికి ఏమాత్రం తీసిపోదు.

అయితే ఆ చేయి ఎంత గొప్పదైనా, ఆ రంధ్రం ఎన్నేళ్లు నిలుస్తుందో అది చెప్పలేదు. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతుంటే మొదట ఏమీ కాదు, ఉన్నట్టుండి తెగిపోతుంది. విమాన లోహానికీ అంతే. ఎగిరిన ప్రతిసారీ రెక్క పైకి వంగుతుంది, దిగినప్పుడు కిందికి వాలుతుంది. ఒక్కో వంపూ విరిచేంత పెద్దది కాదు. లక్షల వంపులు కలిసి విరుస్తాయి. ఇంజినీర్లు దీన్ని ఫెటీగ్ అంటారు. ఎన్ని గంటలు ఎగిరిందన్నది ఒక్కటే చాలదు, ఎలా ఎగిరిందన్నది ముఖ్యం. అందుకే అమెరికా వైమానిక దళం సి-130 మధ్యరెక్కకు మామూలు గంటలు కాకుండా, పని తీవ్రతను బట్టి సవరించిన గంటలను లెక్కిస్తుంది. తక్కువ ఎత్తులో, బరువుతో, ఒడుదొడుకుల గాలిలో ఎగిరిన గంట రెండు మూడు గంటలతో సమానం కావచ్చు. ఆ లెక్క 38,000 దాటితే విమానం మీద ఆంక్షలు, 45,000 చేరితే నేల మీదే. 2005 ప్రాంతంలో ఆ లెక్కతోనే పాత సి-130లు కొన్నింటిని ఆపేశారు, మరికొన్నింటి బరువు తగ్గించారు, తర్వాత ఏళ్లపాటు మధ్యరెక్కలను మార్చుకుంటూ వచ్చారు.

2019 ఆగస్టులో మరో ఉదంతం. ఒక విమానానికి మరమ్మతు చేస్తుండగా మధ్యరెక్క అడుగు కీలు దగ్గర, రెయిన్‌బో ఫిటింగ్ అనే భాగంలో అసాధారణమైన పగుళ్లు కనిపించాయి. అమెరికా వైమానిక దళం దాదాపు 450 సి-130లలో 123ని ఒక్క ఆదేశంతో నేలమీద నిలిపేసింది. ఏ విమానంలో ఏ రకం మధ్యరెక్క ఉందో, ఏది ఎన్ని గంటలు ఎగిరిందో, దేనికి ముప్పు ఉందో, దేనికి లేదో వాళ్ల దగ్గర లెక్క ఉంది. తనిఖీ చేసి ఒక్కోటిగా మళ్లీ ఎగరేశారు. లెక్క లేని దేశానికి ఇలాంటి సమయంలో రెండే దారులు. అన్నింటినీ ఆపి తయారీదారు ఉత్తరం కోసం ఎదురు చూడటం, లేదా ఏమీ కాదనుకుని ఎగరడం.

ఈ లెక్కలు ఎవరికీ తేలిగ్గా రాలేదు. అమెరికా భారీ రవాణా విమానం సి-5ఏ గెలాక్సీ 1968లో మొదటిసారి ఎగిరింది. బరువు ఒప్పందంలో రాసిన పరిమితిని మించిపోతోందని రెక్కలో లోహాన్ని పలచన చేశారు. 30,000 గంటలు నిలవాల్సిన రెక్కలో అందులో మూడో వంతు కూడా గడవకముందే ప్రమాదం తప్పదని తేలింది. మోసే బరువును తగ్గించి కొన్నేళ్లు నెట్టుకొచ్చి, చివరికి 1980లలో 77 విమానాలకూ కొత్త రెక్కలు వేశారు. మరో అమెరికా రవాణా విమానం సి-17ది ఇంకో కథ. విమానం తన జీవితంలో ఎదుర్కోవాల్సిన గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు పడినా రెక్క విరగకూడదన్నది నియమం. 1992 అక్టోబరులో నేల మీద పరీక్ష పెడితే 150 శాతం దాకా నిలవాల్సిన రెక్క 128 శాతం దగ్గరే చితికిపోయింది. కంప్యూటర్ లెక్కలన్నీ సరిపోతాయనే చెప్పాయి. మళ్లీ గీసి, మళ్లీ బలపరిచారు. ఆ సి-17లోనే ఇప్పుడు మన జవాన్లు లేహ్‌కు వెళ్తున్నారు. తమ రెక్కను తామే విరగ్గొట్టుకుని చూసినవాళ్లకు వచ్చే జ్ఞానం అది. డ్రాయింగు అమ్మేటప్పుడు ఆ జ్ఞానం దాంతోపాటు రాదు.

మన అనుభవం చూద్దాం. రవాణా విమానం మనకు కొత్తేమీ కాదు. బ్రిటిష్ అవ్రో-748ను కాన్పూర్‌లో కూర్చి 1961లోనే ఎగరేశాం. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వాటిని పదుల సంఖ్యలో తయారు చేసింది. అప్పుడు కాన్పూర్‌లో చేరిన నైపుణ్యం తర్వాతి విమానానికి మెట్టు కావాల్సింది. కాలేదు. 1980లలో సోవియట్ యూనియన్ నుంచి వందకు పైగా ఏఎన్-32లు తెచ్చుకున్నాం. వాటిని ఆధునికీకరించి ఆయుష్షు పెంచడానికి 2009లో ఉక్రెయిన్‌తో 105 విమానాల ఒప్పందం చేసుకున్నాం. 40 విమానాలు అక్కడికి వెళ్లి బాగుపడి వచ్చాయి. మిగిలినవి కాన్పూర్‌లో చేయాలి. 2014లో రష్యా, ఉక్రెయిన్ల మధ్య క్రైమియా గొడవ మొదలయ్యేసరికి కీవ్ నుంచి రావాల్సిన సామగ్రి చిక్కుల్లో పడింది, పని నత్తనడక పట్టింది. విమానాలు మనవి, హ్యాంగరు మనది, మెకానిక్‌లు మనవాళ్లు. అయినా పని ముందుకు సాగలేదు.

సి-17 విషయంలో ఆలస్యమే శాపమైంది. 2011లో పది కొన్నాం. ఇంకా కావాలనుకునేసరికి కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో తయారీ 2015తో ముగిసింది. అమ్ముడుపోకుండా మిగిలిన ఒకే ఒక్క విమానం 2019లో మనకు దక్కింది. మొత్తం పదకొండు. వాటికి పన్నెండోది ఇక రాదు. ఇకపై ప్రతి పదేళ్లకూ వాటి లోహం గురించి తలెత్తే ప్రశ్నలకు జవాబు అమెరికా నుంచే రావాలి. రష్యాతో కలిసి మధ్యతరహా రవాణా విమానం రూపొందిస్తామని 2007లో ఒప్పందం చేసుకుని, ఇంజిన్ దగ్గరా డబ్బు దగ్గరా పొత్తు కుదరక 2016 నాటికి వదిలేసుకున్నాం. సొంతంగా గీసుకునే అవకాశం అలా ఒకసారి చేజారింది.

ఈ విమానాల్లో ఎవరు ప్రయాణిస్తారో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2016 జులై 22న చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తూ బంగాళాఖాతం మీద మాయమైన ఏఎన్-32లో 29 మంది ఉన్నారు. వారిలో ఎనిమిది మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. ఏడున్నరేళ్ల తర్వాత, 2024 జనవరిలో, 3,400 మీటర్ల లోతున శకలాలు దొరికాయి. నిర్మాణ లోపమే ఆ ప్రమాదానికి కారణమని నేను అనడం లేదు. రవాణా విమానం ఎక్కేది సైనికులే కాదనీ, మన పక్కింటివాళ్లు కూడా అనీ చెబుతున్నాను. వరదల్లో సహాయ బృందాలను దించేవి ఇవే. 2024 మార్చిలో బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీది అత్యవసర రన్‌వేపై దిగి చూపినవాటిలో ఏఎన్-32 ఉంది. నలభై ఏళ్ల వయసున్న లోహం మీద నమ్మకం పెట్టుకునే హక్కు అందులో కూర్చునేవారికి ఉంది. ఆ నమ్మకం లెక్కల్లోంచి రావాలి.

సి-295 ఒప్పందం ముందడుగు. ఇందులో సందేహం లేదు. 2021 సెప్టెంబరు 24న రక్షణ శాఖ ఎయిర్‌బస్‌తో రూ. 21,935 కోట్లకు 56 విమానాల ఒప్పందం చేసుకుంది. 16 స్పెయిన్‌లోని సెవిల్ నుంచి ఎగిరి వచ్చాయి. మిగతా 40ని టాటా సంస్థ వడోదరలో కూర్చాలి. వాటి ప్రధాన భాగాల పని హైదరాబాద్‌లో. 13,400కు పైగా విడిభాగాలు, 4,600 చిన్న కూర్పులు, ఏడు ప్రధాన కూర్పులు దేశంలోనే తయారు కావాలని ప్రభుత్వం ప్రకటించింది. ఒక్కో విమానానికి ఎయిర్‌బస్ స్పెయిన్‌లో పెట్టే శ్రమలో 96 శాతం ఇక్కడే జరుగుతుందట. ఒక ప్రైవేటు భారత సంస్థ సైనిక విమానాన్ని మొత్తంగా తయారు చేయడం ఇదే మొదలు. కానీ ఆ 96 శాతం దేనిలో అన్నది జాగ్రత్తగా చదవాలి. అది శ్రమ గంటల్లో లెక్క. విమానం విలువలో కాదు, జ్ఞానంలో అంతకన్నా కాదు. ఇంజిన్లు, చక్రాల వ్యవస్థ, ఎలక్ట్రానిక్ పరికరాలు బయటివి. రెక్క ఎంత భారానికి ఎందుకు అంత మందంగా ఉందో చెప్పే కాగితాలు స్పెయిన్‌లోనే ఉంటాయి.

లోహం సంగతి మరీ బాధాకరం. ఒడిశాలోని దామన్‌జోడిలో ప్రభుత్వ సంస్థ నాల్కో తీసే, అల్యూమినియానికి ముడిసరుకైన అల్యూమినా విశాఖపట్నం ఓడరేవు మీదుగా విదేశాలకు వెళ్తుంది. విమానాల రెక్కలకు, తోకలకు పనికొచ్చే అల్యూమినియం మిశ్రమలోహపు మందపాటి పలకలు మాత్రం ప్రధానంగా దిగుమతే. మధ్యలో ఉన్నది రసాయన శాస్త్ర రహస్యమేమీ కాదు. రాగి కలిపిన లోహం లాగుడుకూ పగుళ్లకూ ఓర్చుకుంటుంది కాబట్టి రెక్క అడుగున, జింకు కలిపినది నొక్కుడును తట్టుకుంటుంది కాబట్టి పైన అని పాఠ్యపుస్తకాల్లోనే ఉంటుంది. కష్టం ఎక్కడంటే, పెద్ద పలకను మొదటి అంగుళం నుంచి చివరి అంగుళం దాకా ఒకే గుణంతో, లోపల బుడగ లేకుండా, సాగదీసి ఒత్తిడి తీసి, ప్రతి ఘాణకూ పరీక్ష కాగితం జతచేసి ఏళ్ల తరబడి ఇవ్వగలగడంలో. ఆ పని కోసమే నాల్కో, హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధాని కలిసి 2019లో ఉత్కర్ష అల్యూమినియం ధాతు నిగమ్ అనే సంస్థ పెట్టాయి. నెల్లూరు జిల్లా బొడ్డువారిపాలెంలో ఏటా 60,000 టన్నుల కర్మాగారం అన్నారు. ఏళ్లు గడిచాయి, విమానానికి వాడే పలక ఇంకా అక్కడి నుంచి రాలేదు. కొత్త పారిశ్రామిక పార్కులకు శంకుస్థాపన చేసే ముందు ఈ ఒక్కదాన్ని పూర్తి చేస్తే తెలుగు రాష్ట్రాలు రెండూ బాగుపడతాయి. ఆదిబట్లలో రివెట్ పడే రేకు నెల్లూరు నుంచి వస్తే, ఆ రేకు ఎంతకాలం నిలుస్తుందో పరీక్షించే అవసరం, అవకాశం మనకే వస్తాయి.

విదేశీ సంస్థలు తమంతట తామే నేర్పుతాయని ఆశించడం ఎంత వృథానో ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే కాగ్ చెప్పింది. 2005 నుంచి 2018 మార్చి దాకా రక్షణ కొనుగోళ్లలో భాగంగా 46 ఆఫ్‌సెట్ ఒప్పందాలు జరిగాయి. వాటి విలువ రూ. 66,427 కోట్లు. అమ్మకందారులు ఆ మేరకు ఇక్కడ పనో, పెట్టుబడో, పరిజ్ఞానమో పెట్టాలి. 2018 డిసెంబరు నాటికి తీరాల్సిన రూ. 19,223 కోట్లలో తీర్చామని వాళ్లు చెప్పుకున్నది రూ. 11,396 కోట్లు. అందులో ప్రభుత్వం ఒప్పుకున్నది సగం కూడా లేదు. విదేశీ అమ్మకందారు ఉన్నత సాంకేతికతను భారత పరిశ్రమకు బదిలీ చేసిన సందర్భం ఒక్కటీ తమకు కనిపించలేదని కాగ్ 2020 నాటి నివేదికలో రాసింది. ఆఫ్‌సెట్ల వల్ల షెడ్లు వచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి, చేతులకు పని వచ్చింది. అవి తక్కువవి కావు. కానీ కాగితంలో ‘సాంకేతికత’ అన్న ఒక్క మాట రాసి వదిలేస్తే ఎవరూ దాన్ని ఇవ్వరు. ఏ ఫైలు, ఏ పరీక్ష ఫలితం, ఏ తేదీలోపు, ఎవరి చేతికి అన్నది రాయాలి.

ఇప్పుడు అలా రాయించుకునే అవకాశం వచ్చింది. ఏఎన్-32ల స్థానంలో 18 నుంచి 30 టన్నులు మోసే మధ్యతరహా విమానం కోసం వైమానిక దళం 2022 డిసెంబరులో కంపెనీల నుంచి సమాచారం కోరింది. 40 అయితే ఎంత, 60 అయితే ఎంత, 80 అయితే ఎంత అని అడిగింది. లాక్‌హీడ్ సి-130జె, బ్రెజిల్ ఎంబ్రేయర్ సి-390, ఎయిర్‌బస్ ఏ400ఎం పోటీలో ఉన్నాయి. మూడూ మంచి విమానాలే. ఏది కొనాలో తేల్చాల్సింది ఎగిరేవాళ్లు. కానీ ఏదైనా సరే, అది ముప్పై నలభై ఏళ్లు మన దగ్గర ఉంటుంది. 2060లో దాని మధ్యరెక్కలో పగులు కనపడినప్పుడు ఎవరిని అడగాలన్నది ఇప్పుడు తేలాలి.

ఇది కుదరని కోరిక అంటారు కొందరు. భారాల లెక్కలు తయారీదారుకు ప్రాణంతో సమానం, ఎవరూ ఇవ్వరని వాదిస్తారు. పోర్చుగల్‌ను చూడండి. ఆ దేశం 2019లో కొన్నది 5 సి-390లు. అంతకు చాలా ముందు నుంచే ఆ విమానం రూపకల్పనలో పోర్చుగీస్ ఇంజినీర్లు పనిచేశారు. చక్రాలు ముడుచుకునే పక్క ఉబ్బులు, తోకలోని ఎలివేటరు లాంటి వాటిని వాళ్లే గీశారు. ఆ దేశంలోని ఓజీఎంఏ అనే సంస్థ కొన్ని భాగాలను తయారు చేస్తుంది. చెక్ దేశపు ఏరో వోడోచోడీ వెనక భాగం, తలుపులు, సరుకు ఎక్కే ర్యాంపు చేస్తుంది. రెక్క ముందు అంచును రూపొందించడంలోనూ పాలుపంచుకుంది. చిన్న దేశాలు తమకొచ్చిన భాగం గీతను కూడా అడిగి తీసుకున్నాయి. 40 నుంచి 80 విమానాలు కొనబోయే దేశం అడగలేకపోతే తప్పు అవతలివారిది కాదు. ఇప్పటికే పూర్తయిన విమానంలో కొత్తగా గీయడానికి ఏముంటుందనే ప్రశ్న న్యాయమైనదే. అందుకే అడగాల్సింది డ్రాయింగు కాదు. మన వాతావరణంలో, మన లద్దాఖ్ రన్‌వేల మీద, మన బరువులతో ఈ విమానం ఎంత అలసిపోతుందో మనమే కొలిచి, మనమే నిర్ణయించుకునే అధికారం.

దాన్ని ఒప్పందంలో రాయడం కష్టమేమీ కాదు. ప్రతి విమానంలోనూ రెక్క, తోక మీద పడే ఒత్తిడిని నమోదు చేసే సెన్సార్లుండాలి. ఆ సమాచారం ముందు మన చేతికి రావాలి, తర్వాతే తయారీదారుకు. మధ్యరెక్క, తోక భాగాల్లో ఒక్కో నమూనాను విరిగేదాకా పరీక్షించడానికి భారత్‌కు ఇవ్వాలి. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్‌కు పూర్తి విమాన నిర్మాణాల మీద ఫెటీగ్ పరీక్షలు చేసిన అనుభవం దశాబ్దాలుగా ఉంది. సైనిక విమానాలకు యోగ్యతా పత్రం ఇచ్చే సెమిలాక్ అదే ఊళ్లో ఉంది. నిర్ణీత గడువు తర్వాత నిర్మాణ మరమ్మతులను తయారీదారు అనుమతి లేకుండానే ఆమోదించే హక్కు సెమిలాక్‌కు రాసివ్వాలి. అది తయారీదారు ధరను పెంచుతుంది, నిజమే. ఆ పెంపును పెట్టుబడిగా చూడాలి. ఏఎన్-32ల పని కాన్పూర్‌లో నత్తనడకన సాగిన ఏళ్ల ఖరీదుతో పోల్చి చూస్తే అది తక్కువేననిపిస్తుంది.

మనుషులు కూడా కావాలి. ఆదిబట్ల, వడోదర కర్మాగారాల పుణ్యమా అని రివెట్ వేయగలిగినవారు, జిగ్ సరిచేయగలిగినవారు, కొలత పట్టగలిగినవారు వందల్లో తయారయ్యారు. పగులు ఎంత వేగంగా పెరుగుతుందో లెక్కగట్టేవారు, ఎడ్డీ కరెంట్ పరికరంతో రంధ్రం గోడను చదవగలిగినవారు, ఏ పగులును భరించవచ్చో చెప్పగలిగినవారు మాత్రం కొద్దిమందే. హైదరాబాద్‌లో, విశాఖలో, తిరుపతిలో, వరంగల్‌లో మెకానికల్, మెటలర్జీ చదివే పిల్లలకు లోటు లేదు. వారిలో చాలామంది నాలుగేళ్లు లోహం గురించి చదివి సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిపోతున్నారు. దేశంలో ఆ చదువుకు తగ్గ ప్రశ్న లేకపోవడమే కారణం. ఒక రెక్కను తెచ్చి, పరీక్షశాలలో నిలబెట్టి, రాత్రీ పగలూ వంచి, ఎక్కడ పగులుతుందో చెప్పమంటే వాళ్లు చెబుతారు.

2024 సెప్టెంబరులో లాక్‌హీడ్, టాటా సంస్థలు సి-130జె విషయంలో సహకారాన్ని పెంచుకుంటామని ప్రకటించాయి. మన 12 విమానాలకూ ఇతర దేశాల సి-130జెలకూ ఇక్కడే మరమ్మతులు చేసే కేంద్రం గురించీ అందులో ఉంది. మంచి మాట. ఆ కేంద్రంలో ఒక విమానం అడుగు రేకు విప్పినప్పుడు కనిపించే దాన్ని చూసి నిర్ణయం చెప్పేది అక్కడి ఇంజినీరా, మారియెట్టా నుంచి వచ్చే ఈమెయిలా అన్నది ఒప్పందం పాఠంలో ఒక్క వాక్యంతో తేలుతుంది. ఆ వాక్యాన్ని ఎవరు రాస్తున్నారో పార్లమెంటు రక్షణ స్థాయీసంఘం అడగాలి. తెలుగు రాష్ట్రాల ఎంపీలు ముందుగా అడగాలి, ఎందుకంటే ఆ విమానం తోక వాళ్ల నియోజకవర్గాల పిల్లలు కూర్చినదే.